తలకిందుల పిట్టల రవిక

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. అయినా ముప్పై రెండేళ్లు కుట్టుపని మీదే బతికాను. విజయనగరంలో ఆడవాళ్లకు కుట్లు, అల్లికలు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో నాది డ్రాయింగు మాస్టారు ఉద్యోగం. రవికల మీద, పావడాల మీద, పిల్లల గౌన్ల మీద ఏ తీగకు ఏ పువ్వు పూయాలో, ఏ పువ్వు పక్కన ఏ పిట్ట వాలాలో కాగితం మీద గీసేది నేను. కుట్టేది వాళ్లు. మెచ్చుకోళ్లు వాళ్లకి, తిట్లు నాకు. ఈ పంపకం ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఖాయమైపోయింది. పదవీ విరమణ రోజు దాకా మారలేదు.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని డైరీ రాసేవాణ్ణి. ఆ రోజు గీసిన పిట్టలు ఎన్ని, వాటిలో సూదిపోట్లు తట్టుకుని బతికినవి ఎన్ని, ఎవరు ఏమన్నారు, నేను ఏమనలేకపోయాను, అన్నీ అందులో ఉంటాయి. బీరువాలో రెండు అరలు వాటివే.

మొన్న ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు చేసే పనిలో కొత్తగా చేరారట.

"పాత రవికల మీద ఉన్న పిట్టల్నీ పువ్వుల్నీ మళ్లీ తీసుకురావాలనుకుంటున్నాం మాస్టారూ. ఫోన్‌తో ఫొటో తీసి, తప్పులుంటే సరిచేసి, మిషన్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది కదా?" అని అడిగింది ఒకమ్మాయి.

ఆ 'సరిచేసి' దగ్గర నాకు నవ్వు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. రెండో అమ్మాయి భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది. పాపం, వాళ్లను చూసి నవ్వలేదు. నేనూ ఒకసారి సరిచేశాను. ఆ సంగతి వాళ్లకు ఆ రోజు సగమే చెప్పగలిగాను, మిగతా సగం నవ్వులో కలిసిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

సూదికి లొంగని నెమలి

చేరిన కొత్తలో నాకు బొమ్మలు బాగా వచ్చన్న గర్వం ఉండేది. మొదటి వారమే పావడా అంచుకని ఒక నెమలిని గీశాను. పింఛంలో ప్రతి ఈకా, ప్రతి ఈకలో ప్రతి పీచూ కనబడేలా గీసి, మా ఇన్‌స్ట్రక్టర్ సీతారత్నం గారి బల్ల మీద పెట్టి, పొగడ్త కోసం నిలబడ్డాను.

ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "చాలా బాగుంది బాబూ. దీన్ని ఎవరు కుడతారు? నువ్వా?" అన్నారు.

వెంటనే నా చేతికి రింగు బిగించిన గుడ్డ, సూది, ఆకుపచ్చ దారం ఇచ్చి గదిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒక్క ఈక కుట్టి చూపించమన్నారు. ఇరవైమంది ఆడపిల్లల మధ్య నేనొక్కణ్ణే మగవాణ్ణి. మూడు రోజులు కుట్టాను. నాలుగు వేళ్లకు గుచ్చుకుంది. మూడో రోజు సాయంత్రానికి గుడ్డ మీద తయారైనదాన్ని చూసి ముందు బెంచీ అమ్మాయి, "మాస్టారండీ, ఇది ఈకా? బీరకాయా?" అంది. ఆ రోజు డైరీలో 'బీరకాయ' అని ఒక్క మాటే రాసుకున్నాను.

కానీ ఆ మూడు రోజులూ లేకపోతే నాకు ఈ పని వచ్చేది కాదు. పెన్సిల్ ఎక్కడికైనా పోతుంది. సూది అలా పోదు, దానికి దిగే చోటు కావాలి, తేలే చోటు కావాలి, దారం తిరగడానికి కాస్త జాగా కావాలి. గొలుసు కుట్టుకు సన్నని మలుపులు పనికిరావు. నిండు కుట్టు మరీ వెడల్పైతే దారం వదులై వేలాడుతుంది. మెడ వంపు తిరిగినచోట కాడ కుట్టు హాయిగా ఒదుగుతుంది. కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందుగా ఒక పిట్టను చేత్తో కుట్టండి. బీరకాయ వచ్చినా సరే.

సీతారత్నం గారు నేర్పిన రెండో సంగతి ఇంకా పెద్దది. పాత గుడ్డ ఏది దొరికినా ముందు దాన్ని తిరగేసేవారు. "ముందువైపు అందరికీ చూపించడానికి కుడతారు బాబూ. అసలు ఎలా కుట్టారో వెనకవైపు ఉంటుంది" అనేవారు. ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ దారం అయిపోయింది, ఎక్కడ చెయ్యి నొప్పిపుట్టి ఆగిపోయారు, అన్నీ వెనకవైపు ముడులు చూసి చెప్పేవారు. నాకైతే ఆ ముడులన్నీ ఒకేలా కనపడేవి. పదేళ్లు చూస్తే గానీ వేర్వేరుగా కనపడలేదు.

స్కేలు పెట్టిన ఆఫీసరు

ఒక ఆఫీసరు గారు తనిఖీకి వచ్చి, రవిక వీపు మీద కుట్టిన చిలకల వరుసను జేబులోంచి తీసిన చిన్న స్కేలుతో కొలిచారు. మూడో చిలక మిగతావాటికన్నా కొంచెం లావుగా ఉందని తేల్చారు.

"అన్నీ ఒకే సైజులో ఉండాలి కదమ్మా" అన్నారు.

"మీ ఆఫీసులో అందరూ ఒకే సైజులో ఉంటారాండీ?" అన్నారు సీతారత్నం గారు, చాలా మర్యాదగా.

ఆయన కొంచెం భారీ మనిషి. మేమంతా గబగబా బల్లల మీదకు తలలు వంచేశాం. ఆయన పొట్ట తడుముకుని, పగలబడి నవ్వి, స్కేలు జేబులో పెట్టేసుకున్నారు. మంచివాడు. తర్వాత చాలామంది ఆఫీసర్లను చూశాను. స్కేలు లేనివాళ్లు వచ్చారు గానీ అంత బాగా నవ్వినవాళ్లు రాలేదు.

అప్పుడు నేనూ అందరితోపాటే నవ్వాను. నిజం చెప్పాలంటే, నా జేబులోనూ ఒక స్కేలు ఉంది. పద్ధతి ప్రకారం పోవడం, వంకర కనబడితే తిన్నగా చెయ్యడం నా స్వభావం. సీతారత్నం గారు ఉన్నన్నాళ్లూ ఆవిడ నన్ను ఆపేవారు. ఆవిడ వెళ్లిపోయాక ఆపేవాళ్లు లేరు.

పైడమ్మ తెచ్చిన మూట

నా సర్వీసు చివరి రోజుల్లో, ఒక సోమవారం పొద్దున్నే ముగ్గురు ఆటో దిగారు. రామతీర్థం దగ్గర పల్లె నుంచి వచ్చారు. ముందు నడుస్తున్న పెద్దావిడ పైడమ్మ. వెనకే ఆవిడ తోటికోడలు సూరమ్మ. వాళ్ల మధ్య ఫోన్ చూసుకుంటూ పైడమ్మ మనవరాలు గౌరి.

పైడమ్మ నన్ను కింది నుంచి పైకి చూసి, "మాస్టారంటే నువ్వేనేటి బాబూ?" అంది.

"నేనేనమ్మా."

"సూదట్టుకున్న సెయ్యిలా లేదు."

"నేను కుట్టనమ్మా. గీస్తాను."

"గీతలు నానేటి సేసుకుంటాను? కుట్టే గుంటల్ని పిలు."

కుట్టే ఆడపిల్లల్లో పెద్దదైన రవణమ్మ అప్పటికే తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. మా కేంద్రంలోనే నేర్చుకుని అక్కడే ఇన్‌స్ట్రక్టర్ అయిన మనిషి. నా తప్పులన్నీ ఆవిడకు కంఠస్థం.

పైడమ్మ మూట విప్పింది. పాత పంచె ముక్కలో చుట్టిన రవిక. ఒకప్పుడు కుంకుమ రంగు, ఇప్పుడు ఇటుక రంగు. చేతులు మోచేతుల దాకా ఉన్నాయి. రెండు చేతుల మీదా మెలికలు తిరిగిన తీగ, విచ్చిన తామరలు, మొగ్గలు, ఒక్కో చేతికి ఐదేసి పిట్టలు. చంక దగ్గర గుడ్డ చివికి, వెలుతురు లోంచి వస్తోంది. రవణమ్మ చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసేసుకుంది.

సంగతి ఇదీ. పైడమ్మ అత్తగారి అత్తగారు చిన్నప్పుడు బొబ్బిలిలో ఒక పెద్దింట్లో పనిచేస్తూ కుట్టు నేర్చుకుందట. తన ఇంటికి రాబోయే కోడలి కోసం ఈ రవిక కుట్టిందట. అప్పటి నుంచి ఆ ఇంటికి వచ్చిన ప్రతి కోడలూ ఇది తొడుక్కునే గడప లోపలికి అడుగు పెట్టింది. ముందు పైడమ్మ అత్తగారు, తర్వాత పైడమ్మ, తర్వాత సూరమ్మ, తర్వాత గౌరి తల్లి. ఆవిడ వంతు వచ్చేసరికే చంక దగ్గర చిరిగింది.

"ఇప్పుడు మా ఇంట్లో మొగపిల్లలు లేరు బాబూ. ఇక కోడలు రాదు. ఉన్నది ఈ గుంటొక్కతే. ఇది నౌపడ కాడికి ఎలిపోతాది. మరి పిట్టలు ఎవరి కోసం ఉండాల? దీంతోటే పంపేస్తాను" అంది పైడమ్మ.

ఇరవై రోజుల్లో పెళ్లి. అత్తవారింటి గడప దగ్గర గౌరి నిలబడేసరికి కొత్త రవిక ఆమె ఒంటి మీద ఉండాలి. గుడ్డ కొత్తది కావచ్చు, దారం కొత్తది కావచ్చు. పిట్టలు మాత్రం అవే కావాలి.

"నాన్నమ్మా, ఫోన్‌లో నెమళ్ల రైకలు బోలెడున్నాయే. రెండ్రోజుల్లో ఇంటికొస్తాయి" అంది గౌరి.

"నీ ఫోన్ నెమళ్లకి నువ్వెవరో తెలుసునేటే?" అంది పైడమ్మ.

అది ఏ పిట్ట?

రవిక బల్ల మీద పరిచాను. పిట్టల ఒళ్లు ఆకుపచ్చ, రెక్కలు నీలం. కానీ ఒక్కదానికీ ముక్కు లేదు, కన్ను లేదు, కాళ్లు లేవు. ఎందుకంటే అవన్నీ నల్లదారంతో కుట్టారు. పాత రోజుల్లో నలుపు కోసం ఇనుము కలిసిన రంగు వేసేవారు. ఆ రంగే ఏళ్లు గడిచేకొద్దీ దారాన్ని తినేస్తుంది. గుడ్డ ఉంటుంది, మిగతా రంగులు ఉంటాయి, నలుపు మాత్రం పొడై రాలిపోతుంది. ఇంత చిన్న సంగతి మీకు ఏ ఫొటోలోనూ కనపడదు.

"ఇది ఏ పిట్టమ్మా?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"సిలక" అంది పైడమ్మ.

"పాలపిట్ట" అంది సూరమ్మ, అదే క్షణంలో.

"సిలకే. పచ్చగా లేదేటి?"

"సిలక్కి నీలం రెక్కలు ఎక్కడుంటాయప్పా? నువ్వు పెంచినావేటి?"

"నీకంటే ముందు నాను తొడిగినాను. నాకు తెలవదేటే?"

"ముందు తొడిగినావు గాని తల దించుకుని నిద్దరోయినావంట. అత్తే సెప్పింది నాకు."

"ఓలమ్మ! సచ్చిపోయిన అత్త మీద అబద్దాలు సూడు!"

శిక్షణకు వచ్చిన పిల్లలంతా కుట్లు ఆపేసి చుట్టూ మూగారు. సగం మంది చిలక వైపు, సగం మంది పాలపిట్ట వైపు. గౌరి ఫోన్ పక్కన పెట్టేసింది. చివరికి పైడమ్మే, "ఏ పిట్టయితేనేటి బాబూ. అది మనల్నే సూసీది" అంది.

"అదొక్కటీ నిజిం. మనల్నే సూసీది" అంది సూరమ్మ. ఆ పొద్దున వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రం డైరీలో ఆ మాట రాసుకున్నాను. కింద, 'ముసలివాళ్ల ముచ్చట. డిజైనుకు సంబంధం లేదు' అని రాసి గీత కూడా గీశాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. ముప్పై రెండేళ్లు అందరి మాటలూ రాసుకున్నాను గానీ, రాసుకోవడం వేరు, వినడం వేరు. మీరు రాసుకోకపోయినా ఫరవాలేదు, వినండి.

ముక్కు సంగతి సీతారత్నం గారి పద్ధతిలోనే తేల్చాను. రవికను లోపలికి తిరగేసి, భూతద్దం పెట్టి, రాలిపోయిన నల్లదారం వదిలిన సూది చిల్లుల్ని ఒక్కొక్కటే కాగితం మీద చుక్కలుగా పెట్టాను. మూడు రోజులు పట్టింది. చుక్కలు కలిపితే ముక్కు వచ్చింది, కన్ను వచ్చింది, మూడు వేళ్ల కాళ్లు వచ్చాయి. కాగితం మీద పిట్ట లేచి నిలబడగానే కుర్చీలోంచి నేనూ లేచి నిలబడ్డాను. ముక్కు మరీ వంకరా కాదు, మరీ తిన్ననా కాదు. పైడమ్మ చూసి, "సెప్పినానా, సిలక" అంది. సూరమ్మ చూసి, "సెప్పినానా, పాలపిట్ట" అంది. నాకు ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు సర్వీసులో దొరకలేదు.

నేను సరిచేసిన తప్పు

చుక్కలు పెట్టేటప్పుడే ఒకటి గమనించాను. రవిక చేతుల మీద పిట్టలన్నీ తలకిందులుగా ఉన్నాయి. తలలు చేతి అంచు వైపు, కాళ్లు భుజం వైపు.

మా పనిలో ఇది మామూలు పొరపాటే. బొమ్మ గీసిన కాగితానికి గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన రంగు పొడి రుద్దితే బొమ్మ గుడ్డ మీద పడుతుంది. తొందరలో కాగితం తలకిందులుగా పెడితే బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఈ రవిక కుట్టిన పెద్దావిడ కూడా అలాగే చేసి ఉంటుందనుకున్నాను. పల్లెలో, దిద్దేవాళ్లు లేనిచోట, తనే కుట్టుకుంది, తప్పు జరిగింది, పాపం అనుకున్నాను. 'పాపం' అని డైరీలో కూడా ఉంది.

తప్పు దిద్దాను. తలలు భుజం వైపుకు, కాళ్లు అంచు వైపుకు. ఎదురుగా నిలబడ్డవాళ్లకు పిట్టలు చక్కగా, తిన్నగా కనబడతాయి.

కాగితం చూసి రవణమ్మ, "పాతదాంట్లో తలలు కిందికున్నాయి కద మాస్టారూ?" అంది.

"అది వాళ్ల తప్పు. సరిచేశాను."

"పదికి పదీ తప్పేనేటి?"

"ఒకసారి కాగితం తిరగబడితే పదీ తిరగబడతాయి."

"రెండు సేతులకీ రెండుసార్లు తిరగబడిందా?"

"నువ్వు కుట్టు" అన్నాను. మాస్టార్లకు సమాధానం లేనప్పుడు వచ్చే మాట అది. ఎవరైనా కిందివాళ్లు రెండో ప్రశ్న వేశాక మీ నోట్లోంచి ఆ మాట వస్తే, అక్కడే ఆగి మళ్లీ చూసుకోండి. నేను ఆగలేదు.

రవణమ్మా, మరో అమ్మాయీ కలిసి పన్నెండు రోజులు కుట్టారు. తామరలు విచ్చుకున్నాయి, పిట్టలు నిగనిగలాడాయి. ముహూర్తానికి ఐదు రోజుల ముందు గౌరి వచ్చి కొత్త రవిక తొడుక్కుని గదిలోంచి బయటికి రాగానే కేంద్రమంతా చప్పట్లు కొట్టింది. గౌరి గిరగిరా తిరిగింది. నేను నా కళ్లజోడు తుడుచుకున్నాను.

పైడమ్మ మాత్రం దగ్గరికి వెళ్లి, మనవరాలి పక్కన నిలబడి, మణికట్టు పట్టుకుని, తల వంచి చూసింది.

"బాగున్నాది. మాస్టారు బాబూ, ఇవి ఎవుర్ని సూస్తన్నాయి?"

"ఎదురుగా ఉన్నవాళ్లనమ్మా."

"ఎదురుగా ఉన్నోళ్లకి ఈ పిట్టలెందుకు?"

పైడమ్మ బెంచీ మీద కూర్చుంది.

"నాను ఆ గడపలో నిలబడితే ఊరు ఊరంతా నన్నే సూస్తంది బాబూ. తలెత్తకు, తలెత్తకు అని మా పెద్దమ్మ వెనక నుంచి పొడుస్తంది. ఏడుపొస్తంది. తల దించితే ఈ పిట్టలు నన్నే సూస్తన్నాయి. మా అత్తకి అత్త నా మొకం ఎరగదు. ఎరక్కుండానే నా కోసం కుట్టింది. వొచ్చిన గుంట తల దించుకుంటాదని తెలిసే కుట్టింది. ఆ ఊర్లో నాకు ముందు తెలిసింది ఇవే. ఇది గూడా అక్కడ తల దించుతాది కదా, మరి దీన్నెవరు సూస్తారు?"

"నానయితే వాటితోటి మాటాడినాను" అంది సూరమ్మ.

"ఏటి మాటాడినావే?"

"ఆకలేస్తందన్నాను."

గది గదంతా నవ్వేసింది, పైడమ్మతో సహా. గౌరి మాత్రం నవ్వలేదు. అన్ని రోజులూ ఫోన్ చూసుకుంటూ వేళాకోళం చేసిన పిల్ల, పాత రవికను ఒళ్లో పెట్టుకుని, "నాన్నమ్మా, నాకియ్యే కావాలే" అంది, చాలా చిన్నగా.

అప్పుడు రవణమ్మ ఆ పాత రవికను రెండు చేతులతో ఎత్తి, దాని చేతిని తెచ్చి నా చేతి మీద పరిచింది. "తల దించండి మాస్టారూ" అంది.

దించాను. కళ్లు రాలిపోయినా ఐదు పిట్టలూ తలలెత్తి నన్ను చూస్తున్నాయి.

అవి తలకిందులుగా లేవు. నేనే ఇన్నాళ్లూ అటువైపు నిలబడ్డాను. తప్పు పట్టుబడితే మనిషికి సిగ్గు కదా కలగాలి, నాకు మాత్రం పట్టరాని సంతోషం కలిగింది. ఎప్పుడో పోయిన ఒక పెద్దావిడ, పేరు కూడా ఎవరికీ గుర్తులేని మనిషి, నా చెవి పట్టుకుని మెలిపెట్టి నవ్వినట్టుంది. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను. "మాస్టారికేటో అయింది" అని పిల్లలు గుసగుసలాడుకున్నారు.

నాలుగు రోజుల మగ్గం

నాలుగు రోజుల్లో రెండు చేతులూ మళ్లీ కుట్టి, రవికకు అతకాలి. గుడ్డ ఉందా అని అడిగాను. ఉంది. రెండు చేతులకు సరిపడా ఎక్కువ తీసుకున్నానంది రవణమ్మ.

"ఎందుకు తీసుకున్నావు?"

"మీ మీద నమ్మకంతోటే మాస్టారూ."

పన్నెండు రోజుల పని నాలుగు రోజుల్లో ఒకరిద్దరి వల్ల కాదు. అందుకని రింగులు పక్కన పెట్టి, గుడ్డను కత్తిరించకుండానే మగ్గానికి బిగించాం. మగ్గమంటే నాలుగు కర్రల చట్రం. గుడ్డ మంచం మీద దుప్పటిలా బిగుసుకుంటుంది, చుట్టూ నలుగురు కూర్చుని ఒకేసారి కుట్టొచ్చు. ఎవరు ఏ గంటలో కూర్చోవాలో, ఎవరు దారాలు అందించాలో, ఎవరు టీ పెట్టాలో నేనొక పట్టిక తయారుచేసి గోడకు అంటించాను. మొదటి గంటలోనే ఎవరూ దాన్ని పాటించలేదు. పని మాత్రం పరుగెత్తింది.

ఒక చిక్కు వచ్చింది. భుజం వైపు కూర్చున్నవాళ్లకు పిట్టలు తిన్నగా కనబడుతున్నాయి, అంచు వైపు కూర్చున్నవాళ్లకు తలకిందులుగా. అంచు వైపు వాళ్లు గోల మొదలెట్టారు.

"అటు కూకున్నోళ్లు కోడళ్లు, ఇటు కూకున్నోళ్లు అత్తలు. గంటకోసారి మారండి" అంది రవణమ్మ.

ఇక చూడండి. గంట కొట్టగానే "నాను కోడల్ని! నాను కోడల్ని!" అంటూ అందరూ అటువైపుకు పరుగు. తీగలకు కాడ కుట్టు, తామరలకు నిండు కుట్టు, ముక్కులకు మాత్రం ఇనుము కలవని నల్లదారం తెప్పించాను, నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, రంగు దిగదని చూసుకుని మరీ ఇచ్చాను. సూరమ్మ రోజూ ఆటోలో వచ్చి బెంచీ మీద కూర్చుని, ఏ పిట్ట అయిందో లెక్క చెబుతూ, పనిలో పనిగా పాలపిట్ట వైపు మనుషుల్ని పోగేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి చివరి పిట్ట కన్ను ఒక్కటే మిగిలింది. రవణమ్మ సూదిలో నల్లదారం ఎక్కించి నా చేతికిచ్చింది.

"ఇది మాస్టారి వంతు."

"నాకు రాదమ్మా."

"తప్పు సేసిన సెయ్యి గదండీ. ఒక్క ముడి."

ఒక్క ముడి కుట్టు. దారాన్ని సూదికి రెండు చుట్లు చుట్టి, దింపి, లాగాలి. చుట్టాను, దింపాను, లాగాను, ఊడింది. మళ్లీ చుట్టాను. చుట్టూ పదహారుమంది మగ్గం మీదకు వంగారు. నాలుగోసారి నిలిచింది. కొంచెం పక్కకు పడింది గానీ నిలిచింది. గదిలో లేచిన కేకకు వీధిలో పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి చూశారు.

కాబట్టి పిల్లలూ, పాత గుడ్డ మీద వంకర కనబడితే వెంటనే సరిచెయ్యకండి. ముందు దాన్ని తిరగేసి చూడండి. వీలైతే తొడుక్కుని చూడండి. తొడుక్కున్నవాళ్లు బతికి ఉంటే, వాళ్లు ఏది చెప్పినా డిజైనుకు సంబంధం ఉంటుంది.

గడప దగ్గర

పెళ్లికి మమ్మల్నందరినీ పిలిచారు. గౌరి అత్తవారింటికి వెళ్లేటప్పుడు పైడమ్మ, సూరమ్మలతోపాటు రవణమ్మా నేనూ వెంట వెళ్లాం. నౌపడ దాటాక ఉప్పు మడులు పొద్దుటి ఎండకు తళతళలాడుతున్నాయి. దారంతా మాట్లాడుతూ వచ్చిన పిల్ల, ఊరు కనబడగానే నోరు మూసుకుంది.

గుమ్మం ముందు ఊరంతా ఉంది. గడపకు అటువైపు అత్తగారు, చేతిలో హారతి పళ్లెం, ముఖంలో కొత్త అత్తగారికి ఉండే బింకం. ఇటువైపు గౌరి, పక్కన పెళ్లికొడుకు. వెనక నుంచి ఎవరో, "తల దించమ్మా" అన్నారు. పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది.

గౌరి తల దించింది.

తర్వాత భుజాలు వణికాయి. ఏడుస్తోందనుకున్నాను. ఏడుపు కాదు, కిసుక్కున నవ్వు. ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది, ఆగలేదు.

"ఏటే నవ్వుతన్నావు?" అన్నారు అత్తగారు. గొంతులో ఆరా, అనుమానం రెండూ ఉన్నాయి.

"పిట్టలు అత్తా. నన్నే సూస్తన్నాయి. ఒకటి మెల్లకన్నుతోటి సూస్తంది."

అత్తగారు గడప అవతల నుంచి ముందుకు వంగి చూశారు. "ఓలమ్మ, తలకిందులుగా కుట్టేసినారేటి ఇవి?"

నేను నోరు తెరిచేలోగా సూరమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"అటు నుంచి కనపడవమ్మా వదినా. ఇటు రావాల."

అత్తగారు ఒకసారి జనాన్ని చూశారు, ఒకసారి కోడల్ని చూశారు. పళ్లెం పక్కనున్న ఆడపడుచు చేతిలో పెట్టి, గడప దాటి బయటికొచ్చి, గౌరి పక్కన భుజానికి భుజం ఆనించి నిలబడి, తనూ తల దించారు. ఇద్దరి తలలూ ఠక్కున తగిలాయి.

"ఓలప్పా! నన్ను గూడా సూస్తన్నాయే!" అన్నారు.

ఇద్దరూ అలాగే తలలు ఆనించుకుని నవ్వుతూ నిలబడిపోయారు. పైడమ్మ నా చెయ్యి వదిలేసి కళ్లు తుడుచుకుంది. లోపల ఆడపడుచు పళ్లెం పట్టుకుని, కర్పూరం అయిపోతోందని కంగారు పడుతోంది. హారతి ఇవ్వాల్సిన మనిషి వచ్చి కోడలి పక్కన నిలబడిపోయింది కాబట్టి, ఆ రోజు ఆ ఇంట్లో హారతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు.